అక్క పేరు మీద

ఆ వానాకాలం మా కొట్లో పసుపు చీటీల అమ్మకం పడిపోయింది. వెనక జిగురు రాసి, ఎక్కడ ఒత్తితే అక్కడ అంటుకునే చిన్న చీటీలు ఉంటాయి చూడండి, అవి. ఎప్పుడూ పోయే సరుకు పోవడం ఆగిందంటే దాని వెనక ఏదో జరుగుతోందని వ్యాపారికి వెంటనే తెలుస్తుంది. అది మా ఇంటిదాకా వస్తుందని మాత్రం నేను లెక్క వెయ్యలేదు.

నాది కాగితాల వ్యాపారం. ఆస్పత్రి గేటుకు ఎదురుగా, మందుల దుకాణానికీ టీ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది నా కొట్టు. ఆస్పత్రికి కావలసిన కేసు షీట్లు, ఎక్స్‌రే కవర్లు, లేబుల్ చుట్టలు, రసీదు పుస్తకాలు చాలా ఏళ్లుగా నేనే వేస్తున్నాను. వీటన్నిటికీ బేరం ఉంటుంది, పోటీ ఉంటుంది, స్టోరు మేనేజరు గుమ్మం దగ్గర పడిగాపులుంటాయి. పసుపు చీటీలకు ఇవేవీ లేవు. వచ్చినవాళ్లు ధర అడక్కుండా పట్టుకుపోయేవాళ్లు.

కారణం చెప్తాను. ఆ ఆస్పత్రి నడిపే కంపెనీకి ఇంకా కొన్ని ఊళ్లలో ఆస్పత్రులున్నాయి. కంప్యూటర్ల విషయంలో వాళ్లది అతుకుల బొంత. రోగిని చేర్చుకోవడానికి ఒక ప్రోగ్రాం, రక్తపరీక్షలకు ఒకటి, మందులకు ఒకటి, బిల్లులకు ఒకటి, డ్యూటీలకు ఒకటి, చివరికి రోగులకు భోజనం చెప్పడానికి కూడా ఒకటి. దేని లాగిన్ దానిదే, దేని పాస్‌వర్డ్ దానిదే. పైగా ప్రతి పాస్‌వర్డూ కొన్నాళ్లకు మురిగిపోతుంది. కొత్తది పెట్టమంటుంది. పెడితే, ఇది పాతదానిలాగే ఉంది పొమ్మంటుంది. మనిషి బుర్ర ఎన్నిటినని మోస్తుంది? అందుకని అందరూ చీటీల మీద రాసుకుని కంప్యూటర్ తెర చుట్టూ అంటించుకునేవాళ్లు. ఫ్యాను గాలికి అవి రెపరెపలాడుతుంటే, చూసేవాళ్లకు చికాగ్గా ఉండేదేమో గాని నా కంటికి మాత్రం కోతకొచ్చిన చేనులా కనిపించేది.

మా ఆవిడ అదే ఆస్పత్రిలో నర్సు. రెండో అంతస్తులో మగవాళ్ల వార్డుకు ఇన్‌చార్జి. ఇన్‌చార్జి కుర్చీ అంటే జీతం పెద్దగా పెరగదు. నైట్ డ్యూటీ ఉండదు, అంతే. ఆ అంతే కోసం ఆమె సగం వయసు ధారపోసింది. పెళ్లయినప్పటినుంచీ ఆమె డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళకు నేను కొట్టు తెరవడానికి బయలుదేరేవాణ్ణి. వీధి మలుపులో ఎదురుపడి ఇంటి తాళంచెవి చేతులు మార్చుకునేవాళ్లం. "పాలు కాచి పెట్టాను" అని నేను, "బట్టలు లోపల వేశారా" అని ఆమె. కాపురమంతా ఆ మలుపులోనే జరిగిపోయిందా అనిపించేది ఒక్కోసారి. ఆమెకు కుర్చీ వచ్చాకే ఇద్దరం ఒకే వేళకు దీపం ఆర్పడం మొదలుపెట్టాం.

ఆ వార్డులో ఆమె కింద ముగ్గురు ఏజెన్సీ అమ్మాయిలు పనిచేసేవాళ్లు. పర్మనెంటు కాదు. కంపెనీ వాళ్లకు లాగిన్లు ఇవ్వలేదు. ప్రతి లాగిన్‌కూ సాఫ్ట్‌వేర్ వాళ్లకు అద్దె కట్టాలట, ఇవాళుండి రేపు పోయేవాళ్లకు ఎందుకు దండగ అనుకున్నారు. కానీ రోగికి మందిస్తే ఎక్కించాలి, జ్వరం చూస్తే ఎక్కించాలి. ఎక్కించకపోతే పై నుంచి మొట్టికాయలు. అందుకని మా ఆవిడ పొద్దున్నే వెళ్లి తన పేరుతో అన్ని మిషన్లూ తెరిచి వదిలేది. ఆమె లేనప్పుడు, రాత్రుళ్లు సహా, ఆ పిల్లలు ఆమె పాస్‌వర్డ్‌తో తెరుచుకునేవాళ్లు. పని ముగ్గురిదీ, పేరు ఒక్కరిది.

పాస్‌వర్డ్ మురిగిపోయినప్పుడల్లా మా ఆవిడ నన్ను ఒకటే ప్రశ్న అడిగేది.

"ఈ నెల ఏం బాగా పోతోంది?"

నేను గుండుసూదులంటే ఆ నెల వార్డు గుండుసూదులతో నడిచేది. నల్లసిరా అంటే నల్లసిరాతో. అమ్మాయిలకు గుర్తుండకపోతే నేరుగా ఇంటికి ఫోన్ చేసేవాళ్లు, అదీ సరిగ్గా మేం భోజనానికి కూర్చునే వేళకు. మా ఆవిడ నోట్లో ముద్ద పెట్టుకునే "కార్బన్ పేపరు" అని చెప్పి పెట్టేసేది. ఒకసారి మా ఇంటికొచ్చిన చుట్టాలు ఈ తంతు చూసి, ఆమెకు కొట్టు బెంగ పట్టుకుందని నా మీద జాలిపడి వెళ్లారు.

పేరు అరువివ్వడం నాకు నచ్చేది కాదు. కొట్టు బోర్డు మీది పేరును నేను ఎవరికీ వాడుకోనిచ్చేవాణ్ణి కాదు. సరుకు పాడైతే మార్చి ఇవ్వొచ్చు, పేరు పాడైతే మార్చి ఇవ్వడానికి ఇంకోటి ఉండదు. ఆ మాటే చెబితే మా ఆవిడ, "వార్డుకొచ్చి మీరే ఎక్కించండి మరి" అనేది. అక్కడితో సరి.

మా మేడ మీద గదిలో మా బామ్మర్ది ఉండేవాడు. ఆస్పత్రి కంపెనీలోనే, కంప్యూటర్ల విభాగంలో పని. భోజనం మాతోనే. ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు వాడి నెత్తిన పెద్ద పని పడింది. ఇన్నాళ్లూ కంపెనీ లెక్కలన్నీ ఆస్పత్రి కింద ఒక చల్లటి గదిలో ఉన్న మిషన్లలో ఉండేవి. ఇప్పుడా గది ఖాళీ చేసి అన్నిటినీ క్లౌడ్‌లోకి మారుస్తున్నారు. క్లౌడంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా వాడే చెప్పాడు. సొంత గోడౌను తీసేసి ఎక్కడో పెద్ద గోడౌనులో చోటు అద్దెకు తీసుకోవడమట. ఎక్కణ్ణుంచి తలుపు తట్టినా సరుకు చూపిస్తారు. అయితే తట్టిన మనిషి ఎవరో వాళ్లకు కచ్చితంగా తెలియాలి. అందుకని ఇకమీద ఒక మనిషికి ఒకటే పేరు. పొద్దున ఫోను మీద ఒక్కసారి వేలు పెడితే అన్ని ప్రోగ్రాములూ తెరుచుకుంటాయి. పాస్‌వర్డులు గుర్తుపెట్టుకునే బాధ ఎవరికీ ఉండదు.

"అయితే నా పసుపు చీటీలకు నూకలు చెల్లినట్టే" అన్నాను.

"ఆ చీటీలన్నీ పీకడానికే నేను పుట్టినట్టున్నాను బావా" అన్నాడు వాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. కొత్తగా పేర్లివ్వాలంటే పాత పేర్లన్నీ వడగట్టాలి. మానేసిన వాళ్లు, వేరే ఊరు మారిన వాళ్లు, ఒకే మనిషికి ఉన్న జంట పేర్లు. "స్టోరులో ఒక కాంపౌండరు ఉండేవాడు చూడు, పాపం పోయాడు కదా. మొన్న మంగళవారం కూడా మందులిచ్చాడు."

మా ఆవిడ నవ్వింది. నవ్వి వాడి పళ్లెంలో ఇంకాస్త వడ్డించింది. తన పేరు కూడా ఆ జల్లెడలోకే వస్తుందని ఆమెకు అప్పటికే తెలుసో లేదో నేను చెప్పలేను.

వానలు మొదలయ్యాయి. కాగితాల వ్యాపారికి వానాకాలమంటే రోజూ జబ్బు మనిషిని కనిపెట్టుకుని ఉండటమే. గోడవైపు కట్టలు చెమ్మకు ఉబ్బుతాయి, కవర్ల జిగురు దానంతటదే అంటుకుపోతుంది. అలా ఒక మధ్యాహ్నం నేను కవర్లు విడదీస్తూ కూర్చుంటే, బామ్మర్ది తడిసిన గొడుగు బయటే వదిలి కొట్లోకొచ్చాడు. వాడు కొట్టుకు రావడం అరుదు. ఇంట్లో చెప్పలేనిది ఏదో ఉంటేనే వస్తాడు.

"బావా, అక్క మనిషేనా?" అన్నాడు.

"నాకూ అప్పుడప్పుడు అనుమానమే. ఏం?"

వాడు నవ్వలేదు. స్టూలు లాక్కుని నెమ్మదిగా చెప్పాడు. లెక్క ప్రకారం వాళ్లక్క పగలూ రాత్రీ వార్డులోనే ఉంటుంది. ఈ చివర ఒకరికి సూది వేస్తూ ఆ చివర ఇంకొకరికి జ్వరం చూస్తుంది. కిందటేడు ఆమె ఒళ్లు కాలిపోయి ఇంట్లో మూలుగుతూ పడుకున్న వారమంతా కూడా వార్డులో ఆమే మందులిచ్చింది. ఇంకా కొందరు ఇన్‌చార్జిలవీ ఇలాగే ఉన్నాయి గాని, ఇంత బరువు ఎవరి పేరు మీదా లేదు. లాగిన్ అరువిస్తే నియమం ప్రకారం శిక్ష ఉంది. కుర్చీ తీసేస్తారు.

"దీనికి ఒక దారుంది" అన్నాడు. "అనుమానం ఉన్న పాత లెక్కలన్నిటినీ వార్డు ఉమ్మడి అని ఒక మూట కట్టి పక్కన పెట్టేస్తాను. ఎవరి పేరూ ఉండదు. కొత్త ఇంట్లోకి ఆ మూట అలాగే వెళ్లిపోతుంది, ఎవరూ విప్పరు. మిగతా వార్డుల వాళ్లంతా దానికే ఒప్పుకున్నారు."

"ఇంకేం మరి. కట్టెయ్."

"ఏజెన్సీ వాళ్ల సంగతి ఉంది" అన్నాడు వాడు. కొత్త దాంట్లో పేరు లేనివాళ్లు తెర ముట్టుకోవడానికి వీల్లేదు. పేరు ఇవ్వాలంటే ఆ మనిషి పని మిషన్ లెక్కలో కనిపించాలి. కనిపించని వాళ్ల అవసరం లేదని కంపెనీ తీర్మానం. ఆ ముగ్గురి పేరు మీదా ఒక్క ముక్క లేదు. వానాకాలం చివర మార్పు జరిగే రోజుతో వాళ్లను పంపేస్తారు. మూట విప్పి ఎవరి పని వాళ్ల పేరు మీద రాస్తేనే వాళ్లు ఉన్నట్టు. విప్పితే అక్క దొరికిపోతుంది.

నేను క్షణంలో లెక్క తేల్చాను. తక్కెట్లో ఒక వైపు మా ఆవిడ రాత్రులు. ఇంకో వైపు ముగ్గురు పరాయి పిల్లల ఉద్యోగాలు, అవీ ఎప్పుడు పోతాయో తెలియని ఉద్యోగాలు. ఇందులో తూచడానికేముంది?

మా ఆవిడకు ఆ సాయంత్రం వాడే చెప్పాడు. ఆమె అంతా విని, "పిల్లల సంగతి?" అని అడిగింది.

"వాళ్లు మిషన్ లెక్కలో లేరక్కా."

"లేరా" అంది.

తర్వాత కొన్ని రోజులు నేను నా శాయశక్తులా నచ్చజెప్పాను. బేరంలో గట్టిగా అరిస్తే సరుకు పోదని తెలుసు కనక మెల్లగానే చెప్పాను. ఎవరన్నా అడిగితే మిషన్ మూయడం మరిచిపోయానని చెప్పు, మరుపుకు ఎవరూ ఉరి వెయ్యరు అన్నాను.

"ఇన్నేళ్లు మరిచిపోయానా?" అంది.

"అవును. పనెక్కువ, గుర్తులేదు. ఎవరు కాదంటారు?"

"నా మోకాళ్లకు మాత్రం అన్నీ గుర్తే" అని ఆమె గుమ్మం మెట్లు దిగి వెళ్లిపోయింది. ఔనందో కాదందో నాకు తెలియలేదు. కానీ ఉమ్మడి మూట గురించి బామ్మర్దిని వద్దనలేదు. అది నాకు మంచి శకునంలాగే కనిపించింది.

ఆ ముగ్గురిలో ఒక అమ్మాయిని అందరూ రేడియో అనేవాళ్లు. మాట ఆపదు. పని చేస్తూనే రోగులతో, గోడలతో, సెలైన్ సీసాతో మాట్లాడుతుంది. రెండో ఆమెను నెమ్మది అనేవాళ్లు, రేడియోకు సరిగ్గా తిరగేసి అచ్చు వేసినట్టుంటుంది. మూడో ఆమె పొడుగమ్మాయి. ఒక రోజు వాన వెలిశాక రేడియో లేబుల్ చుట్ట కోసం కొట్టుకొచ్చింది. వాళ్లందరికీ మా ఆవిడ అక్క కనక నేను బావనయ్యాను.

"ఏంటి బావగారూ, కవర్లకు కూడా నైట్ డ్యూటీ వేశారా, ఇలా ఉబ్బిపోయాయి?" అంది. తర్వాత తనే మొదలుపెట్టింది. కొత్త సాఫ్ట్‌వేరట, ఫోను మీద వేలట, వాళ్లకు ఇంకా పిలుపు రాలేదట. "మాదంతా అక్క పేరు మీదే కదండీ. పెళ్లి కాకుండానే ఇంటిపేరు మారిపోయినట్టుంది మా బతుకు. జీతం ఒక్కటే మా పేరున వస్తుంది. అది కూడా వచ్చినప్పుడు."

నేనూ నవ్వాను. అయితే ఈ పిల్ల ఆశపెట్టుకుని ఉందని నాకు తోచింది. లేని సరుకు మీద ఆశపెట్టుకున్న ఖాతాదారును తిప్పించుకోవడం నాకు చేతకాదు. లేదని ముందే చెప్పేస్తాను. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. మూట విప్పితే మీకు పేర్లొస్తాయి, మీ అక్క కుర్చీ పోతుంది, ఆమె మళ్లీ రాత్రుళ్లు నిలబడాలి అన్నాను.

రేడియో ఆగిపోయింది. ఆ పిల్ల నోరు ఆగిపోవడం నేను చూడటం అదే మొదలు. లేబుల్ చుట్ట కొస పట్టుకుని కాసేపు విప్పింది, మళ్లీ చుట్టింది.

"అయితే విప్పనివ్వకండి బావగారూ" అంది. "అక్కను మాట్లాడనివ్వకండి. మేం ఇంకెక్కడైనా చూసుకుంటాం."

చుట్ట తీసుకుని వెళ్లిపోయింది. గేటు దాటేదాకా ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్లడం చూశాను.

ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏముంది? ఎవరి కోసం మా ఆవిడ తటపటాయిస్తోందో వాళ్లే వద్దంటున్నారు. బేరం కుదిరిందనుకున్నాను. ఇంటికెళ్లి, భోజనాలయ్యాక, ఆ మాట చెప్పాను. రేడియో ఏమందో పొల్లు పోకుండా చెప్పాను.

మా ఆవిడ పళ్లెం కడుగుతోంది.

"అలా అందా?" అంది.

"అలాగే అంది. మంచి పిల్ల. పరిస్థితి అర్థం చేసుకుంది."

ఆమె పళ్లెం బోర్లించింది. కొంగుకు చేతులు తుడుచుకుని మెట్ల దగ్గరకెళ్లి పైకి చూసి తమ్ముణ్ణి పిలిచింది. "ఆదివారం ఏ పనీ పెట్టుకోకు. ఆ లెక్కలు తీసుకుని కిందికి రా" అంది.

ముప్పయ్యేళ్ల వ్యాపారంలో చేతిలో ఉన్న బేరాన్ని నేను నా నోటితోనే చెడగొట్టుకున్నది ఆ ఒక్కసారే.

ఆదివారం పొద్దుటినుంచీ ముసురు. భోజనాల బల్ల మీద బామ్మర్ది ల్యాప్‌టాప్ తెరిచాడు. పక్కన మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. తెర నిండా ఆమె పేరే. పై నుంచి కింది దాకా ఒకే పేరు, చీమల బారులా. వాడు ఒక్కో వరస చదువుతుంటే, అది ఎవరు ఎక్కించారో ఆమె చెబుతోంది.

నాకు వింతగా అనిపించి నేనూ కుర్చీ లాక్కున్నాను. అన్నీ ఒకే పేరు మీద ఉంటే ఎలా తెలుస్తుంది? డ్యూటీ పట్టిక ఎదురుగా ఉంది నిజమే. కానీ ఆమె దాన్ని సగం సార్లు కూడా చూడటం లేదు. ముగ్గురు పిల్లల బట్టలు కలిసిపోయినా తల్లి ఏది ఎవరిదో విడదీసినట్టు విడదీస్తోంది. ఒక చోట, రోగికి మందిచ్చాం అని రాసి, కింద, కొడుకు చూడ్డానికి రాలేదని అలిగాడు, కాసేపు కబుర్లు చెబితే తాగాడు అని ఉంది.

"రేడియో" అంది మా ఆవిడ. "అది తప్ప ఇంకెవరూ ఇంత రాయరు. ఎన్నిసార్లు తిట్టానో."

బాగుంది, బాగుంది, బాగుంది అని మాత్రమే ఉన్న వరసలు పొడుగమ్మాయివి. మిగతా అందరూ పనంతా అయ్యాక ఒక్కసారి కూర్చుని ఎక్కిస్తారు, ఎప్పటిదప్పుడు ఎక్కించేది నెమ్మది ఒక్కతే. కొన్ని వరసల దగ్గర మా ఆవిడ చాలాసేపు చూసి, "ఎవరిదో తెలీదు. తెలీదనే రాయి" అంది. ఊహించి మాత్రం ఏదీ చెప్పలేదు.

ఒక వరస దగ్గర బామ్మర్ది ఆగాడు. ఒక రోగికి ఇవ్వాల్సిన మందు ఆలస్యమై, దానికి పైనుంచి చీవాట్లు వచ్చిన రోజు అది. "ఇదెవరిది?" అన్నాడు. ఏజెన్సీ అమ్మాయిల్లో ఎవరిదో అయితే బాగుండునని వాడి గొంతులోనే తెలిసిపోతోంది. నా మనసులోనూ అదే ఉంది.

"అది నాదే" అంది ఆమె. "తర్వాతిది చదువు."

మధ్యాహ్నం గడిచి దీపాలు వేసే వేళయింది. వాడు కళ్లు నులుముకుని వెనక్కి వాలాడు. "అక్కా, ఈ రిపోర్టు కింద సంతకం నాదే పడుతుంది. నీ మీద నేను రాసినట్టవుతుంది."

"పడనీరా. చిన్నప్పుడు నా మీద చాడీలు చెప్పడానికి నీకు సంతకం కూడా అక్కర్లేకపోయేది."

వాడు నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. ల్యాప్‌టాప్ మూసి మేడ మీదికి వెళ్లిపోయాడు. తర్వాత కొన్ని రోజులు భోజనానికి దిగలేదు. పని ఉందన్నాడు. మా ఆవిడ పళ్లెం మూతపెట్టి మెట్ల మీద ఉంచేది. పొద్దున చూస్తే ఖాళీ పళ్లెం కడిగి బోర్లించి ఉండేది.

ఆస్పత్రిలో విచారణ జరిగింది. అక్కడ ఏం జరిగిందో బామ్మర్ది చెబితేనే తెలిసింది, మా ఆవిడ చెప్పలేదు. పరిపాలన చూసే మేనేజరమ్మ మంచిగానే మాట్లాడిందట. అందరూ ఉమ్మడి అంటుంటే నువ్వెందుకమ్మా పనిగట్టుకుని పేర్లు రాసిచ్చావు అని అడిగిందట. చేసినవాళ్లున్నారు కాబట్టి అని మా ఆవిడ చెప్పిందట. మరిచిపోయానని చెప్పే అవకాశం మేనేజరమ్మే రెండు మూడుసార్లు చేతికి అందించిందట. ఆమె తీసుకోలేదు.

కుర్చీ పోయింది. హెచ్చరిక కాగితం ఒకటి వచ్చింది. అదైనా నా కొట్లో కొన్న కాగితమే, ముట్టుకుంటే తెలిసిపోయింది. పిల్లలకు పేర్లు వచ్చాయి. కంపెనీకి దయ పుట్టి ఇచ్చిందేమీ కాదు. మూట విప్పేసరికి ఆ ముగ్గురూ లేకపోతే వార్డు నడవదని లెక్కలో తేలింది, అంతే. ముగ్గురికి అనుకున్నది ఇద్దరికే అక్కరకొచ్చింది. కబురు వచ్చేలోపే పొడుగమ్మాయి కళ్లజోళ్ల దుకాణంలో చేరిపోయింది. రమ్మంటే, అక్కడ కూర్చునే పని, ఇక రానంది. ఆ పిల్లను తప్పు పట్టడానికి ఏముంది?

మార్పు జరిగిన రోజు ఆస్పత్రి హాల్లో అందర్నీ వరసలో నిలబెట్టి ఫోన్లలో పేర్లు ఎక్కించారు. తెరల మీది పసుపు చీటీలన్నీ పీకి బుట్టలు నింపారు. సాయంత్రం రేడియో రోడ్డు దాటి పరిగెత్తుకుంటూ వచ్చి ఫోను నా ముక్కు ముందు పెట్టింది.

"చూడండి బావగారూ. నేనే."

చూశాను. ఆ పిల్ల అసలు పేరు ఏమిటో నాకు అప్పుడే తెలిసింది.

"పొద్దున ఒక్కసారి వేలు పెడితే చాలు, అన్నీ తెరుచుకుంటున్నాయి. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు" అంది. ఫోను వెనక్కి తీసుకుని, "ఇక అక్కకు ఫోన్ చెయ్యడానికి వంకే లేకుండా పోయింది" అంది. ఏదైనా కొనాలన్నట్టు అటూ ఇటూ చూసి, కొనవలసిందేమీ కనిపించక, వెళ్లిపోయింది.

మా ఆవిడ మళ్లీ నైట్ డ్యూటీల్లో పడింది. నేను కొట్లో ఉండగానే ఆమె సంచి భుజాన వేసుకుని రోడ్డుకు అటువైపు నుంచి గేట్లోకి వెళ్లేది. పొద్దున మళ్లీ అదే మలుపు, అదే తాళంచెవి. మాటలు కూడా పాతవే దొరికాయి. పాలు కాచి పెట్టాను, బట్టలు లోపల వేశారా. ఆమె నడక మాత్రం పాతది కాదు. మలుపు దాకా రావడానికి ఇప్పుడు ఎక్కువసేపు పడుతోంది. నేను అక్కడ నిలబడి చూస్తుండేవాణ్ణి. నీకు ముందే చెప్పాను అనే మాట నోటిదాకా వచ్చేది. ఆ అలసట చూశాక వెనక్కి పోయేది. లాభం లేని మాట ఎవరికమ్మాలి?

ఇంట్లో రాత్రుళ్లు ఫోన్ మోగడం ఆగిపోయింది. ఒక్కణ్ణే భోజనానికి కూర్చుంటే ఆ వేళకు చెయ్యి దానంతటదే ఆగేది. ఎవరో ఏదో అడగబోతున్నట్టు.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఒక సాయంత్రం నేను చెమ్మ పట్టిన కట్టలు విప్పి కొట్టు ముందు ఆరబెడుతున్నాను. మా ఆవిడ గేటు దగ్గరదాకా వెళ్లి ఆగింది. చేతి గడియారం చూసుకుంది. రోడ్డు దాటి వచ్చి స్టూలు మీద కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. డ్యూటీకి ఇంకా కాస్త టైముంది. నేను కాగితాలు ఒక్కొక్క దొంతరా తిరగేస్తుంటే చూస్తూ ఉంది.

"ఈ నెల ఏం బాగా పోతోంది?" అంది.

అలవాటు కొద్దీ ఏదో ఒక సరుకు పేరు చెప్పబోయి ఆగాను. వార్డులో ఇప్పుడు ఎవరికీ పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఆమెకూ అక్కర్లేదు.

"ఏమీ పోవడం లేదు" అన్నాను.

"ఏమీనా?"

"కేసు షీట్లు ఆపేశారు. రసీదు పుస్తకాలు కూడా ఇదే ఆఖరంటున్నారు."

"ఇంకా?"

చేతిలో కాగితాలు పక్కన పెట్టాను. పై అర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చూపిస్తూ చెప్పాను. ఏది నిలిచిపోయిందో, ఏది చెమ్మకు పాడైందో, బడి పిల్లల పుస్తకాలు తెస్తే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నానో. అన్నీ విన్నది. మధ్యలో రెండు మూడుచోట్ల, అదెందుకు తెచ్చారు అని కూడా అడిగింది. ఆమె ఫోను సంచిలోనే ఉంది. మోగలేదు.